ఓడేవాడి మాట

పోయిన వారం ఏసురాజుని నౌపడలో అతని ఇంటి వసారాలో మంచం మీద పడుకోబెట్టి వదిలేశాం. ఈ వారమంతా అతను అక్కడే ఉన్నాడు. ఇంకెక్కడికీ వెళ్ళలేడు. మెడ నుంచి కిందకి ఏమీ తెలియడం లేదతనికి. నెలలు పడుతుందని విశాఖ డాక్టర్లు అన్నారు గానీ ఎన్ని నెలలో అనలేదు. అంటే బాగుండేదని అతని భార్య స్వర్ణ రోజుకోసారైనా అనుకుంటోంది.

మధ్యలో వచ్చి చేరిన పాఠకులకి రెండు ముక్కలు చెప్పాలి. నరసన్నపేటలో రమేష్‌బాబు అని టెంటుహౌసు నడిపే ఆసామి ఉన్నాడు. టీవీలో కుస్తీలు చూసీ చూసీ, మన దగ్గర గుంజలున్నాయి, లైట్లున్నాయి, మైకులున్నాయి, కొట్టుకునేవాళ్ళు దొరికితే చాలు కదా అనుకుని, ఏడేళ్ళ కిందట వంశధార కుస్తీ కంపెనీ పెట్టాడు. పదకొండు మంది మనుషులు, ఒక వ్యాను, తిరగడానికి ఎనిమిది ఊళ్ళు. టీవీలోలాగే ఇక్కడా ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. ఆ అనుకునే పని తాయారుది. ఒకప్పుడు రాష్ట్రం తరఫున జూడో ఆడిన మనిషి, ఇప్పుడు నలభై రెండేళ్ళు. మొహం చూస్తే కోపంగా ఉన్నట్టుంటుంది, చాలాసార్లు నిజంగానే ఉంటుంది. ఎవరిని ఎవరితో జోడీ కట్టాలి, ఎవరు ఏ పట్టుతో పడాలి, అంతా ఆమె తలలోనే ఉంటుంది.

మూడు వారాల కిందట నరసన్నపేట ఆటలో, రమేష్‌బాబు బామ్మరిది సంజయ్, ఏసురాజుని నెత్తి మీదకెత్తి విసిరాడు. వీపు మీద పడాల్సిన ఏసురాజు మెడ మీద పడ్డాడు. ఎవడో ఫోనులో తీశాడు. ఇప్పుడు పలాస నుంచి సాలూరు దాకా అందరి జేబుల్లోనూ ఏసురాజు రోజూ పడుతూనే ఉన్నాడు.

ఈ కంపెనీలో ఒక ఆచారం ఉంది, కథంతా దాని మీదే నడుస్తోంది కాబట్టి మళ్ళీ చెబుతున్నాను. ఆటకి ముందు, రింగు కడుతుండగా, ఆ రోజు ఓడబోయేవాళ్ళలో ఒక్కొక్కరి దగ్గరికీ తాయారు వెళ్ళి, పక్కన ఎవరూ లేకుండా, ఒకే మాట అడుగుతుంది. ఏటితో ఓడతావు, అని. అతను ఏ పట్టు చెబితే ఆ పట్టే. వద్దంటే వద్దు. గెలిచేవాడికి అందులో నోరెత్తే హక్కు లేదు, ఓనరుకీ లేదు. పడేది వాడి మెడ కాబట్టి మాటా వాడిదే. మొదటి ఏడాదే ముసలి అప్పలసూరి భుజం జారిపోతే, ఇంక కుస్తీ చెయ్యలేక అతను రిఫరీ చొక్కా తొడుక్కుంటే, ఆ కోపంలో తాయారు పెట్టిన కట్టుబాటిది. అప్పటినుంచి అది ఒక్కసారీ తప్పలేదు.

నరసన్నపేటలోనూ ఏసురాజుని అడిగానని, అతను సరే అన్నాడని ఆమె చెప్పింది. నేను కూడా అలాగే రాశాను. గుర్తుంచుకోండి.

*

ఆదివారం పొద్దున్నే తాయారు నౌపడలో దిగింది. సాయంత్రం గరివిడిలో ఆట ఉంది. కంపెనీ వ్యాను ముందురోజే వెళ్ళిపోయింది. అందులో ఏసురాజు తమ్ముడు, కంపెనీలోనే కుస్తీ పట్టే బెన్హర్ కూడా ఉన్నాడు. ఆ సంగతే ఆమెని ఇక్కడ దింపింది. రమేష్‌బాబు ఈసారి పోస్టరు మీద సంజయ్ ఎదురుగా బెన్హర్ బొమ్మ వేయించాడని ఎవరో ఫోను చేసి చెప్పారు. పోస్టరు ఆమె ఇంకా చూడలేదు.

స్వర్ణ గుడికి వెళ్ళడానికి తెల్లచీర కట్టుకుని, వెళ్ళకుండా, గిన్నెలో చోడి అంబలి చల్లారుస్తూ కూర్చుంది. ఆరాధన అయ్యాక పాస్టరు గారు, సంఘం వాళ్ళు ఇక్కడికే వచ్చి ప్రార్థన చేస్తారట. మూడు ఆదివారాలుగా అలాగే జరుగుతోంది. మొదటి వారం ముప్పై మంది వచ్చారు, పోయిన వారం తొమ్మిది మంది. మనుషుల జాలికి కూడా ఎండ తగిలితే ఇగిరిపోయే గుణం ఉంది, నౌపడ ఉప్పుమళ్ళలో నీళ్ళలాగే.

ఏసురాజు మనిషి సగమైపోయాడు. పడుకున్నవాడు లేవబోయినట్టు తల కదిపి, అక్కా, బెన్హర్ బండి ఎక్కేటప్పుడు తిన్నాడా అని అడిగాడు. తన సంగతి అడుగుతుందేమోనని ముందే తప్పించుకుంటున్నట్టు ఉంది. అతను ఎప్పుడూ అంతే. ఏడేళ్ళలో మూడొందల సార్లు ఓడి ఉంటాడు, ఒక్కసారి కూడా ఇది వద్దు అనలేదు. నడుం పట్టేసినా సరే అన్నాడు, జ్వరంతోనూ సరే అన్నాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. కంపెనీలో కొత్తగా వచ్చిన ప్రతివాడూ మొదట గెలిచింది ఏసురాజు మీదే. అతని చేతిలో తన్నులు తిని నేర్చుకోవడం కాదు, అతన్ని తన్ని నేర్చుకున్నారు.

బెన్హర్‌ని ఈ రోజు సంజయ్ చేత ఎత్తించనని తాయారు మాటిచ్చింది. ఏసురాజు ఇంటి కప్పుకేసి చూస్తూ అన్నాడు.

“నువ్వొద్దన్నా ఆడు ఆగడు అక్కా. ఒక్క మాట. ఆణ్ణి నువ్వే ఎల్లి అడుగు. ఎవరిసేతా కబురంపకు. అడగడం మర్సిపోకు.”

“నానెప్పుడు మర్సిపోయాన్రా,” అంది తాయారు.

స్వర్ణ గిన్నెలో గరిటె తిప్పడం ఆపి, మళ్ళీ తిప్పసాగింది. పాసింజరుకి టైమవుతోందని తాయారు లేచింది. గుమ్మం దాటాక ఆ మాట ఎందుకన్నాడా అని ఆమెకి అనిపించింది. బాధలో ఉన్నవాడు ఏదో అంటాడులే అనుకుంది. ఆ అనుకోవడమే ఆమె జబ్బు, కానీ అప్పటికింకా ఆమెకి తెలియదు.

*

గరివిడి స్టేషను గోడ మీదే పోస్టరు కనిపించింది. ఎండలో నిలబడి తాయారు దాన్ని పూర్తిగా చూసింది.

పైన సంజయ్. అతని నెత్తి మీద అడ్డంగా, గాలిలో, ఏసురాజు. అదే ఫోటో, నరసన్నపేటది, పడడానికి ఒక్క క్షణం ముందుది. మొహం కూడా స్పష్టంగా ఉంది. కింద బెన్హర్ పిడికిలి బిగించిన బొమ్మ. అన్నని నేలకూల్చిన ఆకాశం విసురు, తమ్ముడు తట్టుకోగలడా, అని ఎర్రక్షరాలు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అనలేదు పెద్దలు. ఆమె గోరుతో పోస్టరు అంచు లేపి, సగం దాకా చింపి, ఆ ముక్కని మడిచి సంచిలో పెట్టుకుని నడిచింది.

మైదానం ఫ్యాక్టరీ గోడకి ఇవతల ఉంది. ఆ ఊళ్ళో చెట్ల ఆకుల మీద కూడా నల్లటి దుమ్ము ఉంటుంది, ఆరేసిన బట్టల మీదా ఉంటుంది, అక్కడివాళ్ళు దాన్ని పట్టించుకోవడం మానేసి చాలా కాలమైంది. రింగు సగం కట్టారు. ఇనప గుంజలకి తాళ్ళు బిగిస్తున్నారు, ప్లైవుడ్ పలకల మీద పీచు పరుపులు పరుస్తున్నారు. రమేష్‌బాబు తెల్లచొక్కాలో, చంకలో మైకుతో, విజయనగరం కేబుల్ చానెల్ వాడికి కెమెరా ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నాడు. ఆ కేబుల్ వాడు నచ్చితే వారం వారం వేస్తానన్నాడు. రమేష్‌బాబు ఏడేళ్ళుగా కలగంటున్నది దానికోసమే. అతను చెడ్డవాడు కాదు, ఏసురాజుని విశాఖ తీసుకెళ్ళిన కారు కూడా అతనిదే. జనం చప్పట్లు విన్నప్పుడు మాత్రం అతనికి ఇంకేమీ వినపడదు.

తాయారు అతన్ని వ్యాను చాటుకి తీసుకెళ్ళింది. సంజయ్ అక్కడే ఒక ఇనప కుర్చీలో కూర్చుని ఉన్నాడు. విజయనగరంలో జిమ్ము నడుపుతాడు, ఇరవై ఎనిమిదేళ్ళు, రాతిలో చెక్కినట్టుండే ఒళ్ళు. కంపెనీలోకి వచ్చి ఐదు నెలలు. కేబుల్ కెమెరాకి అతని ఒళ్ళు చాలా ఇష్టం.

ఆమె పోస్టరు ముక్క చూపించి, ఇది మనుషులు చేసే పనేనా అని అడిగింది. రమేష్‌బాబు చూడనట్టే చూసి, జనం ఏది చూడడానికి వస్తున్నారో అదే చూపించాలన్నాడు. ఈ విసురు ఇవాళ మన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదన్నాడు. అన్న పడ్డాడు, తమ్ముడు కూడా పడతాడు, జనం కడుపు మండుతుంది, సాలూరులో మూడోసారి బెన్హర్ గెలుస్తాడు, అప్పుడు చూడు మైదానం పట్టదు అన్నాడు. అంతా ఆలోచించే పెట్టానన్నాడు. ఆలోచన బాగానే ఉంది, అందులో మెడ ఒక్కటే లేదు.

తాయారు గొంతు పెంచలేదు. ఆమెకి నిజంగా కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గుతుంది.

“టీవీ వోల్లకి వందమంది ఉంటారు రమేష్‌బాబూ. ఒకడిరిగితే ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. మనం పదకొండు మందిమి, ఇప్పుడు పదిమందిమి. గెలవడానికేటి, కండలున్నోడు ఎవడైనా గెలుస్తాడు. ఓడడం అందరికీ రాదు. ఏసురాజు అందంగా పడబట్టే నీ బామ్మరిది మొగోడిలాగ కనిపించాడు. ఆడే నేకపోతే సంజయ్ ఒట్టి డ్రిల్లు మాస్టారు.”

సంజయ్ తల దించుకునే ఉన్నాడు, మాట తగిలినట్టు కూడా లేదు.

ఆమె తన లెక్క చెప్పింది. మనం తిరిగేది ఎనిమిది ఊళ్ళు, ఒక్కో ఊరివాడు నెలకోసారి మన మొహాలు చూస్తాడు, వాడికి అదే మనుషులు మళ్ళీ కనపడాలి. సంజయ్‌కి నడవడం వచ్చు, చొక్కా విప్పడం వచ్చు, జనాన్ని రెచ్చగొట్టడం వచ్చు. వచ్చినదే చేయించు. బెన్హర్ మీదకి వస్తుంటే తాడు కిందనుంచి దూరి పారిపోనీ. జనం తిట్టుకుంటూ ఇంటికెళ్తారు, వచ్చే నెల మళ్ళీ తిట్టడానికొస్తారు. రాని పని చేయించకు. ఎత్తడం అతనికి వచ్చు, దించడం రాదు. నెత్తి మీదున్న మనిషిని ఒకే ఎత్తున, బల్లపరుపుగా వదలాలి. అతను ముందు ఒక చెయ్యి వదిలేస్తాడు. అది ఐదు నెలల్లో వచ్చే పని కాదు.

రమేష్‌బాబు చెమట తుడుచుకున్నాడు. పోస్టర్లు చీపురుపల్లి దాకా అంటించామని, ఇప్పుడు మార్చితే జనం రింగు విరగ్గొడతారని అన్నాడు. తాయారుకి అప్పుడు ఓర్పు తెగింది.

“నీ పోస్టరు కోసం ఇంకో మెడ ఇరగ్గొడతావేటి. ఆ రోజు నువ్వు కేబులోడు వచ్చాడని మజ్జానం ఆట మార్సకపోతే ఏసురాజు ఈయాల నడిసేవోడు.”

“నాను మార్సమన్నాను, నిజమే,” అన్నాడు రమేష్‌బాబు. “ఆణ్ణడిగి సెప్తానన్నావు నువ్వు. తరవాత కానీమని తలూపావు. నీ ఆచారం నానెప్పుడూ కాదన్నేదు తాయారూ.”

“అడిగాను. సరే అన్నాడు. ఆడు ఎప్పుడు కాదన్నాడు గనక.”

అప్పుడు సంజయ్ తలెత్తాడు. మూడు వారాలుగా నిద్ర లేని కళ్ళు. తాయారు అంతసేపూ అతని కండలే చూసింది గానీ చేతులు చూడలేదు. మోకాళ్ళ మీద పెట్టుకున్న ఆ చేతులు సన్నగా వణుకుతున్నాయి.

“నువ్వు అడగనేదక్కా,” అన్నాడు.

సంజయ్ నెమ్మదిగా చెప్పుకుంటూ పోయాడు. ఆ రోజు రింగులో, ఎత్తే ముందు, తనే ఏసురాజు చెవి దగ్గర నోరు పెట్టి అడిగాడట, అక్క నీతో మాట్లాడిందా అని.

“'నేదు, వస్తాదని సూశాను, రానేదు. పర్లేదు, ఎత్తు' అన్నాడు. 'మెడ ఒక పక్క నాలుగు రోజుల్నించి తిమ్మిరెక్కతంది, నెమ్మదిగా దించు' అన్నాడు. నాకు నెమ్మదిగా దించడం రాదక్కా. ఆ మాట ఆడికి సెప్పడానికి నాకు సిగ్గేసింది.”

తాయారు అబద్ధమంది. అడిగానని ఒట్టు వేసింది. ఆమెకి బాగా గుర్తుంది, ఏసురాజు బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు, ఆమె పంపు కొడుతూ అడిగింది, అతను తడికాళ్ళతో నిలబడి నవ్వి సరే అన్నాడు. ఆ మాటే పైకి అనబోయి, బోరింగు అన్న దగ్గర ఆగిపోయింది.

నరసన్నపేట మైదానంలో బోరింగు లేదు. బోరింగు ఉన్నది టెక్కలిలో. అది అంతకు ముందు వారం.

నరసన్నపేటలో ఆ మధ్యాహ్నం జనరేటరు ఆగిపోయింది. ఆమె మెకానిక్కు వెంట తిరిగింది. ఐదింటికి సంజయ్ దూరం నుంచి, ఎత్తమంటావా అని కళ్ళతోనే అడిగాడు. ఏసురాజు రింగు అవతల గుంజకి ఆనుకుని, ఎవరికోసమో చూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. వెళ్ళి అడగాలంటే ఇరవై అడుగులు. ఏసురాజే కదా, అనుకుంది. తలూపింది.

అంతే. కుట్ర లేదు, పగ లేదు. ఏసురాజే కదా. తన కంపెనీలో అందరికంటే పనిమంతుడని ఎవరిని నమ్మిందో, అతన్ని ఒక్కణ్ణే అడగడం మానేసింది. అడిగి ఉంటే వద్దనేవాడు. ఏడేళ్ళలో మొదటిసారి వద్దనడానికి అతను ఆ గుంజ దగ్గర నిలబడి ఎదురుచూశాడు. అడిగేవాళ్ళు రాకపోతే, జనం ముందు కాదనడం చేతకాక, ఎగిరాడు. ఎగరాలి మరి. నెత్తి మీదకి ఎత్తడం ఒక్కడివల్ల అయ్యేది కాదు, పడేవాడు తనంతట తాను ఎగిరితేనే ఎత్తేవాడు ఎత్తగలడు. ఎవరూ బలవంతపెట్టలేదు అతన్ని. ఆ సంగతే తాయారు గుండెలో దిగబడిపోయింది. మూడు వారాలుగా ఆమె రమేష్‌బాబుని తిట్టింది, సంజయ్‌ని తిట్టింది, ప్లైవుడ్‌ని కూడా తిట్టింది. ఆమె వ్యాను చక్రం పక్కన నేల మీద కూర్చుండిపోయింది, కూర్చున్నానని కూడా తెలియకుండా.

రమేష్‌బాబు ఏదో అనబోయి, కేబుల్ వాడు పిలుస్తుంటే వెళ్ళిపోయాడు.

*

నాలుగింటికి ఆమె లేచి బెన్హర్‌ని వెతుక్కుంటూ వెళ్ళింది. అతను గోడ నీడలో మణికట్టుకి పట్టీ చుట్టుకుంటున్నాడు. ఇరవై నాలుగేళ్ళు, అన్న ఒడ్డూ పొడుగే, అన్న నవ్వు మాత్రం లేదు. పడడం నేర్పింది కూడా అన్నే. నౌపడలో ఉప్పు గోనెల్లో ఊక నింపి, వాటి మీద మూడేళ్ళు పడేశాడు. పైకి లేవగానే మొదట గెడ్డం గుండెకి ఆనించు, తరవాత రెండు చేతులూ నేలకి కొట్టు, వీపు చాపలా పరుచుకుంటుంది, మిగతాది దేవుడు చూసుకుంటాడు. ఇదే ఏసురాజు పాఠం.

తాయారు చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఇన్నేళ్ళలో ఆ మాట అడగడానికి ఆమెకి ఎప్పుడూ ఇంత కష్టం కాలేదు.

“ఏటితో ఓడతావు?”

“ఆకాశం ఇసురుతోనే,” అన్నాడు బెన్హర్, పట్టీ మీంచి తలెత్తకుండా.

ఆమె వద్దంది. సంజయ్ చేతులు ఎలా ఉన్నాయో చెప్పింది. ఇంకేదైనా పట్టు అడగమని బతిమాలింది. బతిమాలడం ఆమెకి అలవాటు లేదు, మాటలు సరిగా రాలేదు. బెన్హర్ పట్టీ చివర పళ్ళతో తెంపాడు.

“గుడికాడ ఏటంటన్నారో తెల్సా అక్కా. ఏసురాజుకి పడ్డం రాదంట. ఆ ఈడియో సూసి కుర్రోళ్ళు నవ్వతన్నారు. ఏడేళ్ళు పడినోడికి పడ్డం రాదంట. నాను అదే ఇసురుకి పడి, లేసి నిలబడతాను. తప్పు పడినోడిది కాదని అందరికీ తెలవాలి.”

“తప్పు నాది,” అంది తాయారు. “ఆ రోజు నాను మీ అన్నని అడగనేదు.”

ఆ మాట అనడానికి ఆమె ప్రాణం అంతా కూడగట్టుకుంది. బెన్హర్ ఉలిక్కిపడలేదు.

“తెల్సు. అన్న మొదటి రోజే సెప్పాడు. నీకు తెలీనివ్వొద్దన్నాడు, అక్క తట్టుకోనేదురా అన్నాడు.” అతను లేచి నిలబడ్డాడు. “ఈయాల అడిగావు గదా. సెప్పాను. ఓడేవోడిదే మాటని పెట్టింది నువ్వే. ఇప్పుడు నువ్వు కాదంటే ఇంక అదెందుకు.”

అతను వెళ్ళిపోయాడు. కాళ్ళూ చేతులూ లేవని మనిషి తన నిద్ర చెడకూడదని తమ్ముడి నోరు కట్టేశాడని తెలిసి, తాయారు గోడకి ఆనుకుని ఏడ్చింది. ఆ దుమ్ములో ఏడిస్తే మొహం మీద నల్లటి చారలు పడతాయి. తుడుచుకోలేదు.

తన ఆచారం తన మెడకే చుట్టుకుంది. మన్నిస్తే బెన్హర్ పోతాడు, తోసేస్తే రేపటినుంచి కంపెనీలో ఏ ఓడేవాడికీ మాట ఉండదు, అందరూ ఏసురాజులే అవుతారు. ఐదింటి షిఫ్టు దిగి జనం వచ్చేస్తున్నారు. ఫ్యాక్టరీ బట్టలతోనే కొందరు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని కొందరు. మైకులో రమేష్‌బాబు గొంతు ఆకాశం విసురు, ఆకాశం విసురు అని ఊదరగొడుతోంది. ఓడేవాడి మాట తప్పకూడదు. నిజమే. కానీ ఓడేవాడు ఎవరో తేల్చేది తానే కదా.

ఆమె పరుగెత్తింది. సంజయ్ తెర వెనక ఒంటికి నూనె రాసుకుంటూ ఉన్నాడు, సీసా చేతిలో నిలవడం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళని బయటికి పొమ్మంది.

“ఈయాల ఓడేది నువ్వు. ఏటితో ఓడతావు?”

ఐదు నెలల్లో ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. గెలిచేవాణ్ణి ఎవరడుగుతారు. సంజయ్ సీసా కింద పెట్టేశాడు. అతని పెద్ద మొహం ఒక్కసారిగా చిన్నపిల్లాడిదిలా అయిపోయింది. ఎత్తమనకపోతే చాలన్నాడు. నేల మీద పట్టుతో ఓడతాను, భుజాలు రెండూ పరుపుకి ఆనిస్తే చాలు, లేవను అన్నాడు. బావకేటి చెబుతావు అని అడగలేదు. బెన్హర్‌కి తెలుసా అని మాత్రం అడిగాడు.

చెప్పడానికి ఆమె తిరిగేలోపే గంట మోగింది.

*

బెన్హర్ అప్పటికే రింగులో ఉన్నాడు. తాయారు జనాన్ని తోసుకుంటూ తాడు దగ్గరికి చేరి, ఆట మారింది, గెలుపు నీది, అని చెప్పింది. విన్నాడు. విని, మొహం తిప్పేసుకున్నాడు. గెలవడం అతనికి అక్కరలేదు. ముసలి అప్పలసూరి ఏదో తేడాగా ఉందని పసిగట్టి ఆమెకేసి చూశాడు.

మొదటి నాలుగు నిమిషాలూ సంజయ్ తన మాట మీదే ఉన్నాడు. కాళ్ళు పట్టాడు, నేల మీద దొర్లాడు, భుజాలు ఆనించడానికి వీలు ఇచ్చాడు. బెన్హర్ ఆనించలేదు. ఆనించే దగ్గర వదిలేసి లేచిపోతున్నాడు. జనానికి విసుగొచ్చింది, ఎవడో చెప్పు విసిరాడు. ఎత్తరా, అని అరుపులు మొదలయ్యాయి. రమేష్‌బాబు మైకు అందుకుని, మూడు లెక్కపెడదామా, అన్నాడు.

సంజయ్ మోకాలి పట్టు కోసం వంగాడు. బెన్హర్ అతని భుజం మీద చెయ్యి వేసి, ఎగిరాడు.

అన్న ఎగిరినట్టే ఎగిరాడు. ఐదు నెలల అలవాటు సంజయ్ చేతులది, అవి వాటంతట అవే లేచాయి. మరుక్షణం బెన్హర్ అతని నెత్తి మీద, గాలిలో, అడ్డంగా ఉన్నాడు. స్టేషను గోడ మీద పోస్టరులో ఎలా ఉందో అచ్చం అలాగే. జనం లేచి నిలబడ్డారు. సంజయ్ మోచేతులు వణుకుతున్నాయి, ఆ వణుకు పైనున్నవాడి ఒంట్లోకి పాకుతోంది. సంజయ్ కళ్ళతో తాయారుని వెతికాడు.

“అక్కా, ఏటి సెయ్యను?” అన్నాడు.

జనం “ఒకటి” అన్నారు.

ఇన్నేళ్ళూ అడగడమే ఆమె పని, చెప్పడం ఎప్పుడూ ఓడేవాడిది. తాయారు తాడు కిందనుంచి దూరి రింగులోకి పాకింది. పైకి చూసింది. పడేవాడు పైకి లేవగానే మొదట చేసేది గెడ్డం గుండెకి ఆనించడం. పడి, లేచి నిలబడతానన్న బెన్హర్ ఆనించలేదు. మెడ వెనక్కి వేలాడేసి, తలకిందులుగా, ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

జనం “రెండు” అన్నారు. సంజయ్ ఎడమ చెయ్యి జారింది.